దిఙ్నాగుడు దీపాలు పెట్టి వెతికిన 'నేను'

పగలు కిటికీలన్నీ బార్లా తెరిచి, రాత్రి గదినిండా దీపాలు వెలిగించి, ఒంటిమీద నూలుపోగు లేకుండా ఒక కుర్ర భిక్షువు దేనికోసమో వెతుకుతున్నాడట. గురువు చూసి ఇదేం పనిరా అన్నాడు. "మీరు చెప్పిన పుద్గలుడి కోసం చూస్తున్నానండీ. ఏదన్నా అడ్డం ఉందేమోనని అన్నీ తీసేసి చూశాను. కనబడటం లేదు" అన్నాడట శిష్యుడు. గురువుకు ఒళ్లు మండి మఠం నుంచి పొమ్మన్నాడు. ఆ కుర్రవాడే దిఙ్నాగుడు. ఈ కథ చెప్పినవాళ్లు టిబెట్ చరిత్రకారులు: 14వ శతాబ్దపు బుస్తోన్, 17వ శతాబ్దం మొదట్లో తారానాథుడు. దిఙ్నాగుడి కాలం 5, 6 శతాబ్దాలు. అంత ఆలస్యంగా రాసిన కథను జరిగింది జరిగినట్టుగా నమ్మక్కర్లేదు. కానీ 'నేను' అనేది నిజంగా ఉందా, లేక భ్రమా అన్న ప్రశ్నను ఇంత మొరటుగా, ఇంత సూటిగా అడిగిన కథ నాకు ఇంకోటి తెలియదు.

ఆయన వట్టి నాస్తికంతో గురువును ఎగతాళి చేయలేదు. ఆ మఠం వాత్సీపుత్రీయులది. బౌద్ధుల్లోనే వాళ్లొక చిక్కు శాఖ. శరీరం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు స్కంధాల కట్టే మనిషి అని మిగతా బౌద్ధులు అంటే, అవును గానీ, ఆ ఐదింటితో ఒకటీ కాకుండా వేరూ కాకుండా, మాటకు అందకుండా 'పుద్గలుడు' ఒకడుంటాడని వీళ్లు అన్నారు. అంటే గుమ్మంలోంచి పంపించేసిన ఆత్మను దొడ్డిదారిన ఇంట్లోకి పిలిచారు. ఈ తగువు ఎంత పాతదంటే, పాళీ కథావత్థులో మొట్టమొదటి వాదం, అన్నిటికన్నా పొడుగు వాదం ఇదే. తర్వాత దిఙ్నాగుడికి గురువైనట్టు చెప్పే వసుబంధువు తన అభిధర్మకోశం చివర ఒక అధ్యాయమంతా పుద్గలుణ్ని ఖండించడానికే ఖర్చుపెట్టాడు.

ఇదంతా కంచి ముచ్చటో నలందా ముచ్చటో అనుకోనక్కర్లేదు. 7వ శతాబ్దంలో మన దేశం తిరిగిన హ్యూయెన్‌త్సాంగ్ ఆంధ్ర దేశ రాజధాని గురించి రాశాడు. ఆయన రాసిన పేరు వేంగీపురమని, అంటే ఏలూరు పక్కనున్న ఇప్పటి పెదవేగి అని ఎక్కువమంది పండితుల మాట. ఆ పట్నం దాపున ఒక విహారం, దానికి నైరుతిగా 20 లీల దూరంలో ఒంటరి కొండ, కొండమీద రాతి స్తూపం, దిఙ్నాగుడు తన హేతువిద్యా గ్రంథం రాసింది అక్కడే అని యాత్రికుడి మాట. లీ అంటే సుమారు అర కిలోమీటరు. చాలామంది ఆ కొండ గుంటుపల్లే అనేస్తారు. దిక్కు కుదరదు. జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి గుహలు పెదవేగికి ఉత్తరాన ఉన్నాయి, దూరమూ అంతకు రెండింతల పైనే. ఊరి గౌరవం కోసం దిక్కులు మార్చలేం కదా.

అయినా గుంటుపల్లిని వదలబుద్ధి కాదు. క్రీస్తుకు పూర్వమే తొలిచిన ఆ గుండ్రటి చైత్యగుహలో పైకప్పు చూడాలి. రాతిలో దూలాలు, వాసాలు చెక్కారు, అచ్చం తాటాకు గుడిసె లోపలినుంచి చూస్తున్నట్టు. బీహారులోని బరాబర్ గుహల సంప్రదాయమే ఇదీ. మధ్యలో రాతి స్తూపం. ఇప్పుడది ధర్మలింగేశ్వర స్వామి. విభూది, పసుపు, పూలు పడతాయి. ఆత్మ లేదన్న భిక్షువుల స్తూపానికి, లోపలి ఆత్మే శివుడన్న భక్తులు ప్రదక్షిణం చేస్తారు. రాయి రెండు వాదాలకూ ఒకేలా నిలబడింది.

దిఙ్నాగుడి అసలు పట్టు ప్రమాణసముచ్చయంలో ఉంది. తెలుసుకోవడానికి దారులు రెండే: ప్రత్యక్షం, అనుమానం. 'నేను' ప్రత్యక్షంలో దొరుకుతుందా? కళ్లు మూసుకుని లోపలికి చూసుకుంటే మోకాలి నొప్పి దొరుకుతుంది, రేపటి కిస్తీ బెంగ దొరుకుతుంది, పక్కింట్లో చేపల పులుసు వాసన దొరుకుతుంది. వీటన్నిటికీ యజమాని అని విడిగా ఎవరూ తగలరు. పన్నెండొందల ఏళ్ల తర్వాత స్కాట్లండు తాత్వికుడు డేవిడ్ హ్యూమ్ సరిగ్గా ఇదే వెతుకులాట చేసి, తనలోకి ఎప్పుడు తొంగిచూసినా ఏదో ఒక అనుభవమే తగులుతోంది తప్ప తాను తగలడం లేదని 1739లో రాశాడు. హ్యూమ్ అక్కడ ఆగిపోయాడు, పైగా తన పుస్తకం చివర తనకే తృప్తి లేదని ఒప్పుకున్నాడు. దిఙ్నాగుడు ఇంకో అడుగు వేశాడు. ప్రతి ఎరుకా తనను తాను ఎరుగుతుంది, దీన్ని స్వసంవేదన అంటారు. నిన్న చూసిన వస్తువే కాదు, చూసిన సంగతి కూడా ఇవాళ గుర్తొస్తోంది అంటే, నిన్నటి చూపుకే తన సంగతి తెలుసన్నమాట. దానికి వేరే సాక్షిని కాపలా పెట్టనక్కర్లేదు.

న్యాయ దర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, ఊరుకుంటారా? వాళ్ల వాదం చాలా గట్టిది, దాన్ని కొల్లేటి మాటల్లో చెబుతాను. దోనెలో కూర్చున్నవాడు నీళ్లలో కొరమీను తోక చూశాడు. చెయ్యి పెట్టి పట్టాడు. "నేను చూసిందాన్నే పట్టుకున్నాను" అన్నాడు. కన్ను చూసింది, చెయ్యి తాకింది. కంటికి స్పర్శ తెలియదు, చేతికి రంగు తెలియదు. మరి రెండూ ఒకే చేపవి అని తేల్చిందెవరు? రెంటికీ పైన ఒకడుండాలి. ఆ ఒకడే ఆత్మ. ఉద్ద్యోతకరుడు ఇదే పట్టుకుని దిఙ్నాగుడి మీదికీ వసుబంధువు మీదికీ వెళ్లాడు, తర్వాత ఉదయనుడు ఆత్మతత్త్వవివేకమంతా బౌద్ధులకు జవాబుగానే రాశాడు. బౌద్ధుల ఎదురుజవాబు: ఒకడు అక్కర్లేదు, ఒక వరుస చాలు. నిన్నటి చూపు ఇవాళ్టి జ్ఞాపకానికి కారణమైంది. మీ జ్ఞాపకం నాకు రాకపోవడానికి కూడా అదే కారణం, మీ వరుస వేరు, నా వరుస వేరు.

నా మట్టుకు నాకు ఈ జవాబు ముప్పాతిక పాళ్లు సరిపోతుంది. మిగిలిన పాతిక ఎక్కడ ఇబ్బంది పెడుతుందంటే, ఆ వరుసను 'నాది' అని విడదీసే గీత ఎవరు గీశారన్న దగ్గర.

శంకరుల సంగతి చూడండి. 'నేను లేను' అని ఎవరూ అనుకోలేరు, అనుకునేవాడే ఉన్నాడు కనుక అన్నది ఆయన వాదం. ఇది వినగానే బౌద్ధానికి అద్వైతం బద్ధశత్రువు అనిపిస్తుంది. నిజానికి మనం రోజూ వాడే 'నేను', అంటే ఫలానా వారి అబ్బాయిని, నాకు మూడెకరాలుంది, నాకు కోపమెక్కువ అనే 'నేను', శంకరులకూ అధ్యాసే, ఒకదాని మీద ఇంకోదాన్ని రుద్దిన పొరపాటే. ఆయన మిగిల్చిన సాక్షికి పేరు లేదు, ఊరు లేదు, బ్యాంకు ఖాతా లేదు. అటువంటి సాక్షి ఉన్నా లేకున్నా, పొలం గట్టు తగాదాలో వచ్చే తేడా ఏమీ ఉండదు. మన పల్లెల్లో తత్వాలు పాడేవాళ్లు ఈ రెండు సిద్ధాంతాలనూ ఒకే తంబురా మీద పాడేస్తారు. పండితులకు అది గందరగోళం. నాకు మాత్రం వాళ్లు ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకున్నారనిపిస్తుంది.

20వ శతాబ్దంలో ఈ ప్రశ్న కొల్లేటికి దక్షిణపు వైపు మళ్లీ లేచింది. యు.జి. కృష్ణమూర్తి 1918లో బందరులో పుట్టి గుడివాడలో పెరిగారు. తాతగారు దివ్యజ్ఞాన సమాజంలో మనిషి, ఇల్లంతా యోగులతో, స్వాములతో కిటకిటలాడేది. 1939లో అరుణాచలం వెళ్లి రమణ మహర్షిని కలిశారు. మహర్షి ఎవరు వచ్చినా 'నేనెవరు' అని విచారించమనేవారు, ఆ 'నేను' అనే తలంపు పుట్టే చోటికి పొమ్మనేవారు. యు.జి.కి అది రుచించలేదు. చివరికి 1967లో స్విట్జర్లండులోని సానెన్‌లో తన ఒంట్లో జరిగిన మార్పును ఆయన జ్ఞానోదయం అనలేదు, విపత్తు అన్నారు. ఆ తర్వాత 2007లో ఇటలీలో పోయేదాకా చెప్పింది ఒకటే: ఒళ్లు తన పని తాను చేసుకుపోతుంది, ఆలోచనే తన కొనసాగింపు కోసం 'నువ్వు'ను పుట్టిస్తుంది, వెతకడానికి ఏమీ లేదు, వెతికేవాడూ లేడు. తన మాటలకు కాపీరైటు కూడా వద్దన్నారు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. మాటకు కట్టుబడటమంటే ఇదీ. అయితే ఆయన ధోరణిలో నాకు నచ్చనిది ఒకటుంది. ఎదుటివాడి ప్రతి ప్రశ్ననూ నీ ప్రశ్నే లేదని కొట్టిపారేస్తే, సంభాషణ దిఙ్నాగుడి మఠంలో గురువు చేసినట్టే ముగుస్తుంది: పొమ్మనడం.

ఆ పక్కనే గోరా. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోపరాజు రామచంద్రరావు. దేవుడు లేడు, ఆత్మా లేదు అన్నారు. కానీ ఆయన లెక్క ప్రకారం అవి లేవు కాబట్టే మనిషి స్వతంత్రుడు, కాబట్టే తన పనికి తానే బాధ్యుడు. ఆత్మను తీసేసి మనిషిని పెంచారు. ఆత్మ లేదన్న ఇద్దరూ ఇరవై మైళ్ల లోపు తిరిగినవాళ్లే, దారులు మాత్రం తూర్పు పడమర. అంబేడ్కర్ కూడా 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో ఆత్మను ఒప్పుకోలేదు. పూర్వజన్మల పద్దు మోసుకొచ్చే ఆత్మ ఉన్నంతకాలం ఈ జన్మ కులం న్యాయమైపోతుందని ఆయనకు తెలుసు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. 'నేను అన్నది వదిలెయ్' అనే బోధ అందరికీ ఒకే బరువుతో పడదు. తరతరాలుగా 'నేను' అనుకోనివ్వని వాళ్లకు దాన్ని అలాగే వినిపిస్తే అది వేదాంతం కాదు, వెట్టి.

ప్రయోగశాలలు ఏమన్నాయో కాస్త చూద్దాం. 1998లో బాట్విన్నిక్, కోహెన్ అనే ఇద్దరు ఒక రబ్బరు చెయ్యిని బల్లమీద పెట్టి, మనిషి అసలు చెయ్యిని తెర చాటున ఉంచి, రెంటినీ ఒకేసారి కుంచెతో నిమిరారు. కాసేపటికి రబ్బరు చెయ్యే తనదనిపించింది చాలామందికి. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛ తగ్గించడానికి 1953లో మెదడు ఆపరేషన్ చేస్తే, ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా కొత్త జ్ఞాపకం నిలవలేదు. అయినా మర్యాద, హాస్యం అలాగే ఉన్నాయి, ఆయన ఆయనగానే ఉన్నాడు. జ్ఞాపకాల వరుసే మనిషి అనేవాళ్లకు ఇది మింగుడుపడని కేసు.

అన్నిటిలో నాకు ఇష్టమైంది మైకేల్ గజానిగా చెప్పినది. మెదడు రెండు సగాల మధ్య వంతెన కోసేసిన రోగి ఒకరు. మాట్లాడే ఎడమ సగానికి కోడికాలు బొమ్మ చూపించారు, మూగదైన కుడి సగానికి మంచు పడ్డ ఇల్లు చూపించారు. సరిపోయే బొమ్మ ఎంచుకోమంటే కుడి చెయ్యి కోడిని, ఎడమ చెయ్యి పారను పట్టుకున్నాయి. పార ఎందుకయ్యా అంటే, మంచు సంగతి తెలియని ఎడమ సగం క్షణం తడుముకోకుండా, కోళ్ల పాక శుభ్రం చేయడానికి పార కావాలి కదా అంది. తణుకు, తాడేపల్లిగూడెం కోళ్లఫారాల వాళ్లకు అందులో తప్పేమీ కనబడదు, అంత నమ్మకంగా ఉంటుంది ఆ జవాబు. మనలో మాట్లాడే 'నేను' చాలాసార్లు జరిగిపోయిన పనికి కారణాలు కూర్చే గుమాస్తాయేనని గజానిగా తేల్చాడు. జర్మన్ తాత్వికుడు థామస్ మెట్జింగర్ 2003లో ఇంకా ముందుకెళ్లి, లోకంలో ఎవరికీ ఎన్నడూ 'నేను' లేనేలేదు, మెదడు గీసుకున్న తన నమూనాను మెదడే నమ్ముతోందన్నాడు. డెన్మార్కు నుంచి డాన్ జహావీ దీన్ని ఒప్పుకోడు. ప్రతి అనుభవంలోనూ 'ఇది నాకు' అన్న సన్నటి రుచి ఉండి తీరుతుంది, అంతమాత్రపు 'నేను'ను తీసేయలేరంటాడు. యజమానిని తీసేసి ఆ రుచిని మాత్రం ఉంచిన దిఙ్నాగుడి స్వసంవేదనకు ఇది చాలా దగ్గర.

ఇవన్నీ విదేశీ గదుల్లో జరిగాయి అనుకుంటే, 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో జరిగింది గుర్తు చేసుకోండి. వన్‌టౌన్ వీధుల్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోయాడు. మూర్ఛ, నోట నురగ, కొద్ది నిమిషాలు ఏమీ గుర్తులేకపోవడం, తర్వాత లేచి కూర్చోవడం. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి వెళ్లారు. ఎయిమ్స్ మొదటి పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి, తర్వాత పురుగుమందుల అవశేషాల మీదికి అనుమానం మళ్లింది. చిటికెడు విషానికి 'నేను' ఆరిపోయి మళ్లీ వెలిగింది. వెలిగాక ప్రతివాడూ తన ఇంటికే వెళ్లాడు, తన అప్పే తీర్చాడు. ఆరిపోవడం మెట్జింగర్ వైపు సాక్ష్యం చెబుతుంది. తిరిగొచ్చిన తీరు మాత్రం ఇంకోవైపు చెబుతుంది. మధ్యలో ఆ 'నేను'ను పట్టి ఉంచినవాళ్లు పక్కన కూర్చున్న భార్య, పేరు రాసుకున్న నర్సు, రోడ్డుమీద నీళ్లు చల్లినవాడు.

పూనకాలు ఇంకా బాగా చెబుతాయి. ఏలూరులో ఏడేళ్లకోసారి వచ్చే గంగానమ్మ జాతరలో గానీ, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థంలో గానీ చూసినవాళ్లకు తెలుసు. జుట్టు విరబోసుకుని, వేపమండ పట్టుకుని ఊగుతున్న ఆవిడను "ఎవరు తల్లీ నువ్వు?" అని అడుగుతారు. తన పేరు చెప్పదు. "నన్నే ఎవరంటావంట్రా? నా గుడి సంగతి మరిచిపోయారు గదరా!" అని పెద్దాయన్ని పట్టుకు కడిగేస్తుంది. ఆ పెద్దాయన చేతులు కట్టుకుని "తప్పయిపోయిందమ్మా" అంటాడు. హారతిచ్చి, పసుపు నీళ్లు చల్లాక ఆవిడ చల్లబడుతుంది. కాసేపయ్యాక పక్కావిడతో, "ఏమే, ఏమన్నానేంటి నేను?" మరునాడు ఆ తిట్ల గురించి ఆవిడను ఎవరూ నిలదీయరు. అదే మొగుడు తాగొచ్చి అవే మాటలు అంటే ఊరుకుంటారా? తాగి తిడితే పంచాయతీలో పెడతారు, పూనకంలో తిడితే కొబ్బరికాయ కొడతారు. చట్టం లెక్కా ఇంచుమించు ఇదే. మతిస్థిమితం లేక చేసినదానికి పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 22వ సెక్షన్ మినహాయింపు ఇస్తాయి. తానుగా తాగినవాడికి ఆ మినహాయింపు లేదు. ఏ మాట ఏ 'నేను' ఖాతాలో పడాలో ఊరు కూర్చుని తేలుస్తుంది.

అందుకే భ్రమ అన్న తీర్పు నాకు సగమే ఒప్పు. లోపల కూర్చుని అన్నిటినీ ఏలే యజమాని విషయంలో దిఙ్నాగుడు గెలిచాడు, ఎంతమంది దీపాలు పెట్టినా ఇప్పటిదాకా దొరకలేదు. కానీ దొరకనిదల్లా భ్రమ కాదు. కొల్లేరునే తీసుకోండి. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు +5 కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కినప్పుడు అదే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. 2008లో శాసనసభ +3 కాంటూరుకు కుదించమని తీర్మానించింది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది, పోయినేటి చుక్క ఈ ఏడు ఉండదు. నీళ్లలో దిగి వెతికితే అయిదో కాంటూరు ఎక్కడా కాలికి తగలదు. కానీ 2006లో ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు పొక్లెయిన్లతో పగలగొట్టారు, వేలమంది బతుకులు తలకిందులయ్యాయి. ఆ గీత భ్రమ అని లంక గ్రామాల్లో ఎవరితోనైనా అని చూడండి. 'నేను' అటువంటి గీత. గీసింది మనమే, గీశాక దాని లోపల బతకాల్సిందీ మనమే. నైయాయికులు దాన్ని నీళ్లలో నిజంగా ఉన్న గట్టు అన్నారు. మెట్జింగర్ వంటివాళ్లు గట్టు లేదు కాబట్టి ఏమీ లేదంటున్నారు. గీత ఎక్కడ ఉండాలో వాదించుకోవచ్చు, జరపవచ్చు, దానికి జవాబుదారీ ఉంది. ఈ మాట ఇద్దరూ వదిలేశారు.

ఆ గీతను ఎక్కడికి జరపాలన్నదే ఇప్పుడు ఇళ్లలోకి వచ్చిన సమస్య. పింఛను తీసుకునే పెద్దాయన ఏటా తాను బతికే ఉన్నానని, తాను తానేనని రుజువు చేసుకోవాలి. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ పేరుతో వేలిముద్రతోనో, కనుపాపతోనో, ఇప్పుడు ముఖంతోనో అది జరుగుతోంది. మతిమరుపు జబ్బు ముదిరి కొడుకును "తమరెవరండీ" అని అడిగే మనిషిని కూడా యంత్రం ఠక్కున గుర్తుపడుతుంది. యంత్రానికి కావలసింది వరుస, అది తెగలేదు. కానీ వైద్యం విషయం వస్తే? 2018లో సుప్రీంకోర్టు ముందస్తు వైద్య నిర్దేశాలను అనుమతించింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. తెలివిలో ఉన్నప్పుడు ఆ పెద్దాయన రాసిపెట్టారు, నాకు చివరి దశలో గొట్టాలు పెట్టొద్దని. ఇప్పుడాయన ఆ సంతకం ఎరగడు, పొద్దున్నే ఎండలో కూర్చుని పెసరట్టు తిని సంతోషంగానే ఉన్నాడు. ఎవరి మాట వినాలి? 1993లో రొనాల్డ్ డ్వర్కిన్ పాత మనిషి మాటే చెల్లాలన్నాడు, తన జీవితాన్ని దిద్దుకున్నది అతనే కనుక. రెబెక్కా డ్రెస్సర్ ఒప్పుకోలేదు, ఇవాళ మన ఎదురుగా ఉన్న మనిషిని నిన్నటివాడి కాగితానికి బలిపెట్టొద్దంది. ఉదయనుడైతే ఆత్మ ఒక్కటే, సంతకం చెల్లుతుందనేవాడు. వసుబంధువు వరుస ఎంత సన్నబడిందో చూడమనేవాడు.

నా ఓటు పాత సంతకానికే, అదీ గొట్టాల విషయంలో, వెంటిలేటర్ విషయంలో. ఆకలి, నొప్పి, భయం, ఎవరు దగ్గర కూర్చోవాలి అన్నవాటిలో మాత్రం ఇవాళ్టి మనిషి మాటే చెల్లాలి, ఆయన ఏ కాగితంలో ఏం రాసినా సరే.